తువ్వాలు కింద చెయ్యి

ఎమ్మిగనూరులో ఆదెప్పలు చాలామంది ఉన్నారు. ఎద్దుల ఆదెప్ప మాత్రం ఒక్కడే. ముప్ఫై ఏళ్లుగా ఎద్దుల బేరాలు కుదిర్చే దళారి ఆయన. సొంతానికి ఒక్క ఎద్దు కూడా లేదు, ఎప్పుడూ ఉండలేదు. అదేమని ఎవరైనా అడిగితే, "పెండ్లిండ్ల పేరయ్య ఎన్ని పెండ్లిండ్లు సేసుకుంటాడప్పా?" అని ఎదురు అడిగేవాడు. ఆయన నోరు అలాంటిది.

అయితే ఆయన అసలు పని నోటితో కాదు, కుడిచేతితో. ఎద్దుల సంతలో ధర పైకి చెప్పరు. చుట్టూ పదిమంది చెవులు రిక్కించి నిలబడి ఉంటారు మరి. అమ్మేవాడి తరఫున దళారి, ఎదురుగా కొనేవాడు కుడిచేతులు కలుపుతారు. పైన తువ్వాలు కప్పుతారు. లోపల వేళ్లు మాట్లాడుకుంటాయి. ఎదుటివాడి వేళ్లు ఎన్ని పట్టుకుంటే అంత అన్నట్టు. ఒక వేలు వదిలితే ఒక మెట్టు దిగినట్టు. చెయ్యి ఒక్క ఊపు ఊపితే బేరం ముగిసినట్టు. ఆ ధర రెండు చేతులకూ పైనున్న తువ్వాలుకూ తప్ప ఇంకెవరికీ తెలియదు. ఎడమచెయ్యి ఇక్కడ చెల్లదు. ఎడమచెయ్యి చాపితే అవమానించాడనుకుని అవతలివాడు లేచి వెళ్లిపోతాడు.

అలాంటి కుడిచెయ్యి ఒక ఆషాఢం పొద్దున, టీ గ్లాసు అందుకోబోయి, అందుకోలేకపోయింది. గ్లాసు దొర్లింది. "బసమ్మా" అని పిలవబోతే మాట ముద్దగా వచ్చింది. ఆయన భార్య బసమ్మ వాలిపోయిన మూతి చూసింది, వేలాడుతున్న చెయ్యి చూసింది. పక్కింటివాళ్లు ఆకుపసరు అన్నారు, పావురాయి నెత్తురు అన్నారు. బసమ్మ ఎవరి మాటా వినలేదు. ఆటోలో వేసి ఆస్పత్రికి తీసుకుపోయింది. ఆ మొండితనమే ఆయన ప్రాణం నిలబెట్టిందని డాక్టర్లు తర్వాత చెప్పారు.

ప్రాణం నిలబడింది సరే, మనిషి నిలబడలేదు. మూడు వారాల తర్వాత ఇంటికొచ్చిన ఆదెప్ప గోడవైపు తిరిగి పడుకున్నాడు. కుడికాలు ఈడుస్తోంది. కుడిచెయ్యి ఎవరో మర్చిపోయి వదిలేసిన వస్తువులా పక్కన పడి ఉంది. "ఊ", "వద్దు" తప్ప మాట లేదు. అంతటి నోరు అలా మూతపడితే చూడలేక బసమ్మ వంటింట్లోకి పోయి ఏడ్చేది. మళ్లీ కళ్లు తుడుచుకుని వచ్చి ముద్దలు కలిపి నోట్లో పెట్టేది.

చూసిపోవడానికి హొళగుంద నుంచి అయ్యన్న వచ్చాడు. అయ్యన్న మెట్టపొలం రైతు. ఇరవై ఏళ్లుగా ఆయన ఎద్దులన్నీ ఆదెప్ప చేతి మీదుగానే అమ్ముడుపోయాయి.

"నాలుగు పండ్లేసిన వయసు కోడెలున్నాయప్పా ఇంట్లో, జత సూస్తే కండ్లు సాలవు" అన్నాడు అయ్యన్న మంచం పక్కన కూర్చుని. "ఎమ్మిగనూరు జాతరలో అమ్మల్ల. అది దాటితే మేపే గతి లేదు నాకు. నీ సెయ్యి లేస్తే నీ సేతికే ఇస్తా. లేయకుంటే ఇంగొకర్ని సూసుకోవల్ల. తప్పుగా అనుకోవద్దు."

ఆదెప్ప గోడవైపే చూశాడు. కానీ ఆ మాట ఆయన గుండెలో ముల్లులా దిగింది. ఇంకో దళారి తువ్వాలు కింద అయ్యన్న కోడెలు! ఒక్కసారి అలా జరిగితే ఇక సంతలో తనను అడిగేవాడుండడు.

ఆదోనిలో పక్షవాతం వచ్చినవాళ్లకు వ్యాయామాలు చేయించే గది ఉందని ఎవరో చెబితే, బసమ్మ ఆయన్ను బస్సెక్కించింది. అక్కడ ఫిజియోథెరపిస్టు మంజుల. పాతికేళ్లు దాటిన పిల్ల, గట్టి గొంతు, అంతకంటే గట్టి చేతులు. మొదటిరోజే ఆమె బసమ్మ మీద విరుచుకుపడింది.

"ఆ సెయ్యి పట్టుకుని లేపుతావేందమ్మా? భుజం జారిపోతుంది. ఇంట్లో అన్నం ఎవురు తినిపిస్తాండారు?"

"నేనే పాపా."

"రేపట్నుంచి తినిపించొద్దు. ఆయనే తినల్ల, గిన్నె ఆ సెయ్యి పట్టుకోవల్ల. నువ్వు ప్రేమతోనే సేస్తాండావు, కానీ ఆ ప్రేమే ఆయన్ని కూర్చోబెడతాంది."

ఆదెప్పకు ఈ పిల్ల అస్సలు నచ్చలేదు. రబ్బరు బంతి చేతిలో పెట్టింది, పిసకమంది. రంగు రంగుల చెక్కముక్కలు తెచ్చి గుంటల్లో పెట్టమంది. వేలాది ఎద్దుల నోళ్లు తెరిచి పళ్లు లెక్కపెట్టిన చేతికి ఈ చిన్నపిల్లల ఆటలేమిటి? మూడుసార్లు వెళ్లాడు, మూడుసార్లూ మూతి ముడుచుకుని తిరిగొచ్చాడు. కాలు మాత్రం కొంచెం బలం పట్టింది. చెయ్యి ససేమిరా అంది.

నాలుగోసారి వెళ్లినప్పుడు జరిగింది ఆ సంగతి.

చెయ్యి బిగుసుకుపోయిందని మంజుల వేడినీళ్లలో ముంచి పిండిన తువ్వాలు దాని మీద కప్పింది. కాసేపాగి, తువ్వాలు తీయకుండానే, తన చెయ్యి కిందికి పోనిచ్చి ఆయన వేళ్లు సాగదీయసాగింది. ముందు చూపుడువేలు, మధ్యవేలు కలిపి పట్టుకుంది. వాటిని మెల్లగా చాపుతూ బసమ్మతో మందుల గురించి ఏదో మాట్లాడుతోంది.

ఆదెప్ప ఉలిక్కిపడ్డాడు. పైన తువ్వాలు. కింద ఎవరో తన వేళ్లు రెండు పట్టుకున్నారు. రెండేనా? నెలన్నర నుంచి చచ్చుబడి ఉన్న ఆయన ఉంగరం వేలు కదిలింది. కదిలి, మంజుల అరచేతిని తాకింది.

"సాల…దు" అన్నాడు ఆదెప్ప.

మంజుల మాట ఆగిపోయింది. "ఏమన్న్యావు పెద్దాయనా?"

"సాలదు!"

గదిలో ఉన్నవాళ్లంతా తిరిగి చూశారు. బసమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నవ్వో ఏడుపో ఆమెకే తెలియలేదు. "బేరం సేస్తాండాడు పాపా! నువ్వు పట్టింది తక్కువంట! ఎద్దుల బేరం సేస్తాండాడు!"

సంగతి అర్థం కావడానికి మంజులకు కాసేపు పట్టింది. అర్థమయ్యాక ఆ పిల్ల కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చుని, ముఖం సీరియస్‌గా పెట్టి మూడు వేళ్లు పట్టుకుంది. ఆదెప్ప కనుబొమ్మలు ముడిచాడు. చిటికెన వేలు వణుకుతూ కదిలింది. అది కూడా పట్టుకో అన్నట్టు. మంజుల "అబ్బా!" అని అరిచింది. ఆ అరుపుకు పక్క గదిలోంచి డాక్టరు పరిగెత్తుకొచ్చాడు.

ఆరోజు తిరుగు బస్సులో ఆదెప్ప కిటికీ పక్కన కూర్చుని, దారి పొడుగునా చేలల్లో కనిపించిన ప్రతి ఎద్దునూ తల తిప్పి చూశాడు. బసమ్మ అది గమనించింది. ఇన్నాళ్లకు గోడవైపు కాక బయటికి చూశాడు కదా అని ఆమె ప్రాణం లేచి వచ్చింది.

అక్కడినుంచి వేరే కథ. జాతర ఎప్పుడని అడిగి, అయిదు నెలలకు పైగా ఉందని తెలుసుకుని, మంజుల గోడ మీది క్యాలెండరు అడుగున 'పుష్య పున్నమి, జాతర' అని రాసి చుట్టూ గీత గీసింది. "వంక పొంగి బాట కొట్టుకుపోతే బండ్లు ఏం సేస్తాయి పెద్దాయనా? పక్కన సేన్లో దిగి కొత్త బాట ఏసుకుంటాయి గదా. ఒక బండి పోతే బాట పడదు. వందల బండ్లు పోవల్ల. నీ మెదడులో గూడా అంతే. సెయ్యి ఎన్ని తూర్లు కదిలిస్తే అంత బాట పడతాది." ఆదెప్పకు ఈ మాట బాగా తలకెక్కింది. బండి సంగతులు ఆయనకు ఎవరూ నేర్పక్కర్లేదు.

అయితే దళారి బుద్ధి ఎక్కడికి పోతుంది? మంజుల వంద సార్లు చెయ్యమంటే ఆయన తువ్వాలు తెమ్మని సైగ చేసేవాడు. తువ్వాలు కింద నలభైకి దిగేవాడు. లాగి లాగి డెబ్భై దగ్గర తేలేది. రెండు వారాలయ్యాక మంజుల తెలివిమీరింది. రెండువందల దగ్గర మొదలుపెట్టేది. ఆయన విజయగర్వంతో నూటఇరవైకి దింపేవాడు. దింపడానికి చేసే ఆ బేరంలోనే వేళ్లు మరో యాభైసార్లు పనిచేసేవని ఆయనకు తట్టలేదు. నోరు కూడా దారికొస్తోంది. "ఎక్కువ", "తక్కువ", "పో", "మోసం" అన్న మాటలు ముందుగా తిరిగొచ్చాయి. ఆయన బతుకంతా వాడిన మాటలు అవే కదా.

ఇబ్బంది ఇంటి దగ్గర వచ్చింది. ఆదోనికి వారానికి మూడురోజులే. మిగతా రోజులు పొద్దునా సాయంత్రం ఇంట్లో చెయ్యాలి. ఎవరితో చెయ్యాలి? బసమ్మతోనే చెయ్యాలి. బసమ్మకు వేళ్ల లెక్క తెలియదు. మంజులకంటే వైద్యం కోసం చెప్పాడు కానీ, దళారులు ఆ లెక్క ఇంట్లో ఆడవాళ్లకు చెప్పరు. గురువు దగ్గర ఒట్టు పెట్టి నేర్చుకున్న విద్య. ఆదెప్ప మూడురోజులు గింజుకున్నాడు. నాలుగోరోజు పొద్దున, ఎవరైనా చూస్తున్నారేమోనని వీధితలుపు వేయించి, భార్య చేతిమీద తువ్వాలు కప్పాడు.

ముప్ఫై ఏళ్ల కాపురంలో భర్త దాచిన విద్య బసమ్మ వారంరోజుల్లో ఒడిసిపట్టేసింది. ఆ తర్వాత ఆమెను ఆపేవాళ్లు లేరు. కూరలో ఉప్పు ఎంత, నడక ఎన్ని చుట్లు, అన్నీ తువ్వాలు కిందే తేల్చింది. ఒకరోజు ఆదెప్ప దీనంగా ముఖం పెట్టి ఆమె వేళ్లు రెండు పట్టుకున్నాడు. రోజుకు రెండు బీడీలు అని. బసమ్మ పిడికిలి బిగించింది. ఒక్కటి అని బతిమాలాడు. పిడికిలి విప్పలేదు. ఆ బేరంలో ఆదెప్ప ఓడిపోయాడు, మళ్లీ ఎన్నడూ గెలవలేదు.

చేతులు బయట ఉన్నప్పటికంటే తువ్వాలు కింద ఉన్నప్పుడే బసమ్మకు ఆయన మనసు ఎక్కువ తెలిసేది. తువ్వాలు మీద ముడతలు చూసి ఏ వేలు కదిలిందో చెప్పేయగలిగింది. "ఈ తెలివి ముందే తెలిసుంటే నిన్నే సంతకు పంపేవాన్ని గదే" అన్నాడు ఆదెప్ప ఒకసారి, మూడు దఫాలుగా మాట కూడబలుక్కుని. బసమ్మ సిగ్గుపడి నవ్వింది. పెళ్లయిన కొత్తలో కూడా ఆయన ఆమెను అంతగా మెచ్చుకున్నది లేదు.

దసరా నాటికి పట్టు వచ్చింది. నాలుగు వేళ్లూ కలిపి పట్టగలిగాడు. చేతికర్ర పక్కన పెట్టి బస్టాండు దాకా నడవగలిగాడు. ఆయన ఆనందం పట్టలేక వీధిలో కనిపించినవాళ్లందరి చేతులూ పట్టుకున్నాడు. తమాషా అక్కడే మొదలైంది. పట్టుకున్న చెయ్యి వదలలేకపోయాడు! పాలమనిషి బసవన్న వేళ్లు ఆదెప్ప పిడికిట్లో ఇరుక్కుని విలవిల్లాడాయి. లాగేకొద్దీ ఇంకా బిగుసుకుంది.

"పట్టుకోడం సులువు పెద్దాయనా, ఇడిసేదే కష్టం" అంది మంజుల. "లాగితే ఇంగా బిగుస్తుంది. లాగొద్దు. భుజం దించు. ఊపిరి మెల్లగా వదులు. పది లెక్కపెట్టు. అది విప్పుకునేదాకా తొందరపడొద్దు."

తొందరపడొద్దు! బేరంలో ఆదెప్ప ఏనాడూ ఆగి ఎరగడు. అవతలివాడు ఊపిరి తీసుకునేలోపు బేరం ముగించడమే ఆయన గొప్ప. పది అంకెలు లెక్కపెట్టమంటే మూడు దగ్గరే కోపం వచ్చేది. కోపం వస్తే పిడికిలి రాయి అయ్యేది. కార్తీకంలో విసిగిపోయి పదిరోజులు ఆదోని ముఖం చూడలేదు. ఆ పదిరోజుల్లో వేళ్లు మళ్లీ ముడుచుకుపోవడం చూసి ఆయనకే భయం వేసింది. పదకొండోరోజు బసమ్మ కంటే ముందే బస్టాండులో నిలబడ్డాడు. మంజుల తిట్టలేదు. తువ్వాలు మాత్రం ఇచ్చింది.

జాతర రానే వచ్చింది. సంత మైదానంలో ఎక్కడ చూసినా ఎద్దులు, కొమ్ములకు రంగులు, మెడల్లో గంటలు, దుమ్ము, మిరపకాయ బజ్జీల వాసన. ట్రాక్టర్లొచ్చాక సంత పలచబడిందని అందరూ అంటారు కానీ ఆదెప్ప కళ్లకు ఆరోజు ఇంత పెద్ద సంత ఎన్నడూ కనిపించలేదు. పొద్దున్నే మంజుల ఫోన్ చేసి, వంద సార్లు చేశాకే బయల్దేరమని హెచ్చరించింది. ఆయన చేసే బయల్దేరాడు. బేరమాడలేదు కూడా.

అయ్యన్న కోడెలు నిజంగానే చూపు తిప్పుకోనివ్వని జత. అయ్యన్న ఆదెప్ప చెవిలో చెప్పాడు. "నాలుగు అడుగు. మూడుకొస్తే ఇచ్చేయి. మూడైతే నాకు సంతోషమే."

కొనడానికి వచ్చినవాడు సిరుగుప్ప వైపు వ్యాపారి గోవిందు. పాత పరిచయస్తుడే. ఆదెప్ప నడక చూశాడు, వంకర తిరిగిన మూతి చూశాడు, జాలిపడ్డాడు. "కుడిసెయ్యి ఎందుకులేన్నా, ఎడమదే ఇయ్యి. నేనేమీ అనుకోను" అన్నాడు.

మంచిమాటే. కానీ ఆదెప్పకు చెంపమీద కొట్టినట్టయింది. చుట్టూ మూగినవాళ్లలో ఇద్దరు కుర్ర దళారులు ఒకరినొకరు చూసుకోవడం ఆయన కంటబడింది.

"కుడిదే" అన్నాడు ఆదెప్ప. "కప్పు తువ్వాలు."

తువ్వాలు పడింది. లోపల గోవిందు వేళ్లు వచ్చి ఆయన వేళ్లు రెండు పట్టుకున్నాయి. ఎన్నాళ్లయింది ఈ స్పర్శకి! ఆదెప్ప నాలుగూ పట్టుకున్నాడు. గోవిందు కనుబొమ్మలు లేచాయి. ఆ చెయ్యి అలా వస్తుందని అతను అనుకోలేదు. మళ్లీ రెండు. మళ్లీ నాలుగు. మూతులు విరిచారు, తలలు తిప్పారు, కోడెల పళ్లు ఇంకోసారి చూశారు. గోవిందు మూడుకు వచ్చాడు. అయ్యన్నకు కావలసింది అదే. ఆదెప్ప ఊరికే ఉంటాడా? చివరి ప్రయత్నంగా ఇంకొక్కసారి నాలుగూ గట్టిగా పట్టాడు. ఇక గోవిందు చిటికెన వేలు ఒక్కటి వదిలి, చెయ్యి ఒక ఊపు ఊపితే బేరం ముగిసిపోతుంది.

పిడికిలి ఆ వేలు వదలలేదు.

ఆదెప్ప లాగాడు. పిడికిలి బిగిసింది. ఇంకా లాగాడు. ఇంకా బిగిసింది. గోవిందు ఆయన కళ్లలోకి చూశాడు. ఆదెప్ప కదలడు, దిగడు, పట్టిన పట్టు విడవడు. పాత ఆదెప్ప మొండితనం కంటే నాలుగింతలుంది.

"అబ్బబ్బ, ఏం మనిషివన్నా!" అని గోవిందు నవ్వేశాడు. "రోగమొచ్చినా నీ మొండితనం పోల్యా. సరే, నీ మాటే కానీ!"

జనం ఈలలు వేశారు. అయ్యన్న ముఖం వెలిగిపోయింది. కుర్ర దళారులు నోళ్లు తెరిచారు. చెయ్యి ఒక్క ఊపు ఊపితే చాలు. ఎద్దుల ఆదెప్ప తిరిగొచ్చాడని, మునుపటికంటే గట్టివాడై వచ్చాడని నాలుగు మండలాల్లో చెప్పుకుంటారు.

ఆదెప్ప చెయ్యి ఊపలేదు. తాను మూడుకు దిగాలనుకుంటే చెయ్యి నాలుగే అడిగింది. తాను అనని మాట చెయ్యి అంది. అయిదు నెలలు చెమటోడ్చింది ఇలాంటి చెయ్యి కోసమా?

"ఆగప్పా" అన్నాడు.

భుజం దించాడు. ఊపిరి మెల్లగా వదిలాడు. ఒకటి, రెండు. ఎవరో "ఏమైంది" అన్నారు. మూడు, నాలుగు. కోపం రాలేదు. అయిదు. ఆయన చూపు ఎదురుగా నిలబడ్డ బసమ్మ మీద ఉంది. బసమ్మ చూపు తువ్వాలు మీద ఉంది. ఆరు. చుట్టూ ఉన్నవాళ్లకు ఏమీ కనిపించలేదు. ఏడు అనుకునేసరికి తువ్వాలు అంచున ఒక ముడత చిన్నగా కదిలింది.

"ఇడిసినాడు!" బసమ్మ కేక వేసింది. కోడెలు బెదిరి అటూ ఇటూ జరిగాయి. "ఇడిసినాడు! నా మొగుడు ఇడిసినాడు!"

ఆ సంతలో ఆ మాట అర్థమైంది ఇద్దరికే. గోవిందుకు మాత్రం తువ్వాలు కింద ధర నాలుగు నుంచి మూడుకు దిగిందని తెలిసింది. అవతలివాడు ఒప్పుకున్నాక ధర దించే దళారిని అతను పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. అతని ముఖం చూసి అయ్యన్నకు సంగతి తట్టింది. "నీకేమన్నా పిచ్చి పట్టిందాప్పా?" అని అరిచాడు.

"నువ్వు సెప్పిన కాడికే… ఇచ్చినా" అన్నాడు ఆదెప్ప, ఒక్కో మాట ఏరుకుంటూ. "ఆ పైది నా రోగం అడిగింది. రోగం మాటకి… ఎద్దులమ్ముతానా?"

గోవిందు తువ్వాలు కింద ఆ చేతిని రెండు చేతులా పట్టుకుని గట్టిగా ఊపాడు. "వచ్చే ఏడు నాకు ఎద్దులు కొనల్లన్నా అమ్మల్లన్నా నువ్వేనన్నా" అన్నాడు. అయ్యన్న కోపం తువ్వాలు తీసేదాకా నిలిచింది. విప్పుకున్న ఆ అయిదు వేళ్లూ ఎండలో చూశాక నిలవలేదు. తాను చెప్పిన ధర తనకు దక్కింది, తన కోడెలు ఆదెప్ప చేతిమీదుగానే పోయాయి. "సరేలేప్పా" అని ముక్కు చీదుకుంటూ పలుపుతాళ్లు గోవిందు చేతిలో పెట్టాడు.

బసమ్మ అప్పటికే మంజులకు ఫోన్ కలిపింది. "పాపా, ఇడిసినాడు! సంతలో, అందరి ముందర!"

"ఎంత లెక్కకు ఇడిసినాడు?"

"ఏడు! పది గూడా పట్టల్యా, ఏడే!"

అవతల మంజుల కేక ఫోన్లోంచి చుట్టుపక్కల అందరికీ వినిపించింది. కాసేపు సంబరపడి, మళ్లీ ఆ గట్టి గొంతు తెచ్చుకుంది. "అయితే సంత గింత అని రేపు ఎగ్గొట్టొద్దని సెప్పు. పొద్దున్నే రావల్ల. రేపు రెండొందల తూర్లు!"

బసమ్మ ఫోన్ భర్త చెవి దగ్గర పెట్టింది. ఇప్పుడు నలభై అంటాడు, తువ్వాలు తెమ్మంటాడు అని నవ్వుకుంటూ చూసింది. ఆదెప్ప ఎండలో తన చెయ్యి చూసుకుంటున్నాడు. మూశాడు, భుజం దించాడు, మళ్లీ విప్పాడు.

"సాలదు" అన్నాడు.